ఏంజెల్ చేప నోట్లో పిల్ల

ఏదైనా ప్రశ్న అడిగితే అప్పలనరసమ్మగారు జవాబు చెప్పరు, పని చెబుతారు. విజయనగరంలో ఆవిడ దగ్గర వీణ నేర్చుకుంటున్న మా అందరికీ ఇది అనుభవమే. రాగానికి ప్రాణం ఎక్కడుంటుందని నేనొకసారి అడిగితే చిక్కుడుకాయలకి ఈనెలు తీయించారు. ప్రాణం సంగతి ఇప్పటికీ తేలలేదు గాని, కూర బాగా కుదిరింది. అందుచేత మాకంటే ముందే ఆవిడ దగ్గర నేర్చుకున్న మా కాత్యాయనక్క ప్రశ్న అడగబోతోందని తెలియగానే, ఈసారి కందో పెండలమో చూద్దామని నేను ముందే వెళ్ళి కూర్చున్నాను.

అక్క కూడా ఇప్పుడు పిల్లలకి వీణ చెబుతోంది. శిష్యురాలి పక్కన కూర్చుని, ఆ పిల్లతోపాటు తనూ మెల్లగా వాయించడం మా దగ్గర పద్ధతి. మైథిలి అనే పిల్ల విషయంలో అక్క దీన్ని ఎంత శ్రద్ధగా పాటించిందంటే, ఆ పిల్ల తప్పు ఏనాడూ ఎవరికీ వినపడలేదు, ఆ పిల్లకి కూడా. ఒకసారి బడి వేదిక మీద ఒంటరిగా కూర్చుని, మధ్యలో ఆగిపోయి, ఏడుస్తూ దిగింది. ఇప్పుడు మళ్ళీ కచేరీ వచ్చింది. ఈసారీ ఆగిపోతే ఇంక వీణ ముట్టనని ఇంట్లో చెప్పేసిందట.

“అమ్మగారూ, దాని వెనకాల నేనూ వీణ పెట్టుకుని కూర్చోనా, వద్దా?” అంది అక్క.

అమ్మగారు ముందుగదిలో చేపల తొట్టె చూపించారు. “అందులో ఏంజెల్ చేపలు గుడ్లు పెట్టాయి. నేను అనుకోనే లేదు. రోజూ వచ్చి చూసుకో. చెయ్యి మాత్రం పెట్టకు.”

గప్పీలనే చిట్టి చేపలూ, గుడ్లు దొరికితే వదలని ఒక గౌరామీ చేపా ఉన్న ఉమ్మడి కాపరం అది. అందం కోసం తెచ్చిన ఏంజెల్ జత, ఇప్పుడు వెడల్పాటి ఆకు మీద రవ్వగింజలంత గుడ్లు వరసలు తీర్చి, వంతులవారీగా రెక్కలతో నీళ్ళు విసురుతోంది. మిగతా చేపలన్నీ ఆ చివర అద్దెకున్నవాళ్ళలా ఒదిగి నిలబడ్డాయి. ఇంతలో తండ్రి చేప ఒక గుడ్డుని నోట్లో వేసుకుంది.

“అయ్యయ్యో, తినేస్తోంది!” అంటూ అక్క మోచేతిదాకా చెయ్యి ముంచేసింది. అరచేతిలో పట్టే ఆ చేప, గాజుల చేతిని టక్కున పొడిచింది.

“అది చెడిన గుడ్డు, తెల్లబడింది చూడు. తీసెయ్యకపోతే పక్కవీ చెడతాయి,” అన్నారు అమ్మగారు, తువ్వాలు అందిస్తూ.

“నిన్ను గౌరామీ అనుకుందక్కా,” అన్నాను.

“నోర్ముయ్యవే.”

గుడ్లు చిట్లి, కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు ఆకుకి అతుక్కుని వణికాయి. అక్క ఉడికించిన పచ్చసొన నలిపి పట్టుకొచ్చింది. అమ్మగారు గిన్నె లాక్కున్నారు. “వాటి పొట్టకే సద్దిమూట ఉంది. అది అయ్యేదాకా నువ్వేం వేసినా నీళ్ళు కుళ్ళడమే.” నీళ్ళు శుభ్రంచేసే మోటారు పిల్లల్ని పీల్చేయకుండా దాని మూతికి స్పాంజి ముక్క తొడిగించారు. అక్కకి దొరికిన పనల్లా అదే.

తరవాత చూసింది మాత్రం నా నోరు కూడా మూయించింది. ఆకు మీంచి ఒక పిల్ల జారేది. అడుగు చేరేలోపు తల్లి దూకి, నోట్లో పట్టి, మళ్ళీ ఆకు మీద ఊసేది. ఇంకోటి జారేది. తండ్రి వెళ్ళేది. పురుగుల్ని పటపట నమిలే నోరే అది! ఆ నోట్లోంచి అంతటి నలుసు చెక్కుచెదరకుండా బయటికి వచ్చేది. అక్క తొట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయేది.

కచేరీ ముందురోజు మైథిలిని కూడా వెంటబెట్టుకొచ్చింది. మేం చూస్తుండగా ఒక పిల్ల ఆకుని విడిచింది. తల్లి పట్టి ఆకు మీద ఊసింది. అది మళ్ళీ విడిచింది. తల్లి మళ్ళీ పట్టింది. ఈసారి వెంటనే ఊయలేదు. పిల్లని నోట్లోనే ఉంచుకుని, నీళ్ళ నడుమ కదలకుండా ఆగింది. తరవాత ఖాళీ నీళ్ళలోకి నోరు తెరిచింది.

“పడిపోతోంది, పట్టుకోదేం?” అంది అక్క.

పడలేదు. సూదిమొనంత తోక ఆడించి పైకి ఈదింది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. చూస్తుండగా ఆకంతా లేచి పొగమంచులా నీళ్ళలో తేలింది. మైథిలి గాజుకి ముక్కు ఆనించి, ఊపిరితో దాన్ని మసకబార్చేసింది.

“అయితే నా అవసరం లేదన్నమాట. రేపు ఇంట్లోనే ఉండిపోతాను,” అంది అక్క.

“ఆ తల్లీ తండ్రీ ఇంటికి వెళ్ళాయా?” అన్నారు అమ్మగారు.

వెళ్ళలేదు. పిల్లల మంచుకి అటొకటీ ఇటొకటీ నిలబడి, గౌరామీ ఉన్న వైపు తిరిగి ఉన్నాయి.

“పిల్లల వంక చూడనైనా చూడటం లేదే!” అంది అక్క.

మర్నాడు కచేరీలో అక్క వీణ తేలేదు. హాలు గుమ్మంలో వేదికకి వీపు పెట్టి నిలబడి, ఆలస్యంగా వచ్చేవాళ్ళని చెప్పులు చప్పుడు కానివ్వకుండా, ఫోన్లు మోగనివ్వకుండా కళ్ళతోనే కాపలా కాసింది. సగంలో మైథిలి ఆగిపోయింది. అక్క వేళ్ళు గుమ్మం చెక్క మీద బిగుసుకున్నాయి, తల మాత్రం తిరగలేదు. అప్పుడు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే, వీణ మళ్ళీ పలికింది.

అందరూ లేచాక అమ్మగారు గుమ్మం దగ్గరికి వచ్చారు.

“వెనక్కి తిరగకుండా నిలబడితే మెడ పట్టేస్తుంది కదూ?”

“పట్టేసిందమ్మగారూ,” అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

“పట్టేస్తుంది,” అన్నారు ఆవిడ, తన మెడ నిమురుకుంటూ.