భట్టుగారి నీలం సీసా

పులిగుండ్ల సంస్థానాన్ని ఏలే భైరవరాజుగారికి సరిగ్గా కూర్చునే చోట సెగగడ్డ లేచింది. వారం రోజులు ఆయన నిలబడే తీర్పులు చెప్పారు. ఎందుకని ఎవరూ అడగలేదు. చివరికి ఆరోగ్యశాలలో పెద్ద పరిచారిక పేరిందేవి ఆ గడ్డ కోసి, చీము తీసి, వేపాకు నూరి కట్టు కట్టింది. మధ్యలో ఆమె కిసుక్కున నవ్వకపోతే కథ అక్కడితో అయిపోయేది.

రాజుగారికి ఒళ్లు మండింది.

"నా బాధ చూసి నవ్వుతుందా? మత్తులో ఉండి ఉంటుంది! పరిచారికల్లో ఎవరెవరు గంజాయి తింటున్నారో తేల్చండి!"

ఈ మాట కోసమే కాచుకున్నట్టు రాజవైద్యుడు మార్కండేయ భట్టు ముందుకొచ్చాడు. ఊళ్లో జనం తనని వదిలి పేరిందేవి దగ్గరికి పోతున్నారని ఆయనకి ఎప్పటినుంచో కడుపుమంట. నాలుగు రోజులు కూర్చుని ఒక పసుపు మందు తయారుచేశాడు. సీసాలో పట్టిన మూత్రంలో అది రెండు చుక్కలు వేస్తే చాలు, ఆ మనిషి నెల రోజుల్లో ఎప్పుడు గంజాయి తిన్నా నీలం తిరుగుతుందట.

పేరిందేవి సీసా నీలం తిరిగింది.

ఆమె దాచలేదు. "తిన్నాను ప్రభూ. అమావాస్య మాకు సెలవు. రోజంతా రోగుల్ని ఎత్తి దించే నడుం ఇది. సెలవునాడు మా ఇంట్లో ఒక్క భంగు ఉండ వేసుకుని పడుకుంటాను. కొలువుకొచ్చిన రోజు వక్కపలుకైనా నోట్లో వేసుకోను."

"నీలం నీలమే!" అన్నాడు భట్టు.

రేపు సభ ముగిసేలోగా ఊరు విడిచిపోవాలని రాజుగారు ఆజ్ఞ వేశారు.

సరిగ్గా అప్పుడే హాస్యకవి ముమ్మన్న నోరు విప్పాడు. తనంత తెలివైనవాడు ఆ సీమలోనే లేడని అతని అభిప్రాయం. ఆ అభిప్రాయం ఉన్నవాడు ఆ సీమలో అతనొక్కడే. రాజుగారు కోపంలో ఉన్నారు కదా, ఒక చురుకైన మాట పడేస్తే చల్లబడతారనుకున్నాడు.

"పరిచారికలనే ఎందుకు ప్రభూ? సభలో మా అందరికీ పరీక్ష పెట్టించండి!"

"భేష్! రేపే!" అన్నారు రాజుగారు.

సభంతా ముమ్మన్నని కొరకొరా చూసింది. బయటికొచ్చి నాలుగడుగులు వేశాక అతనికి గుర్తొచ్చింది. మొన్న అమావాస్యనాడు పేరిందేవి ఇంట్లో ఆమె ఒక ఉండ వేసుకుంటే, తను మూడు మింగాడు. అంతటితో ఆగక, ఆమె మేకని కూర్చోబెట్టి తన పద్యాలన్నీ వినిపించాడు.

ఆ సాయంత్రం ఓదార్చే వంకతో ఆమె ఇంటికి వెళ్లాడు. పేరిందేవి మూట కట్టుకుంటోంది. మూడేళ్ల కిందట ముమ్మన్నకి అమ్మవారు పోసినప్పుడు, సొంతవాళ్లు గడప తొక్కకపోతే, పద్దెనిమిది రోజులు గంజి పట్టిన చేతులవి. తన సీసా గురించి బెంగపెట్టుకుని వచ్చినందుకు ముమ్మన్నకి నిజంగానే సిగ్గేసింది.

"పేరిందక్కా, ఏదో ఒక ఉపాయం ఆలోచిస్తాను."

"వద్దు బాబూ. ఇవాళ ఆలోచించింది చాలు," అందామె. "భట్టుగారి లేహ్యం ఇరవై ఏళ్లుగా నూరుతున్నది నేనే. అందులో పడేదీ ఈ గంజాయి ఆకే. నేను చెబితే అక్కసుతో అన్నాననుకుంటారు. నువ్వు చెబితే కనీసం నవ్వుతారు."

ఇంత మంచి ఉపాయం తన బుర్రకెందుకు తట్టలేదా అని ముమ్మన్న బాధపడ్డాడు. గుమ్మం దాటేసరికి అది తనకే తట్టిందని నిర్ణయించుకున్నాడు.

మర్నాడు సభలో ఖాళీ సీసాలు వరసగా పెట్టారు. పేరిందేవి మూట చంకన పెట్టుకుని ఓ పక్కన నిలబడింది. ముందెవరు అనేసరికి అందరి చూపూ ముమ్మన్న మీదే పడింది.

"నాకేం భయం?" అన్నాడు ముమ్మన్న, సీసాల దగ్గర్నించి ఓ అడుగు వెనక్కి వేసి. "కాని ప్రభూ, తమ ముందుకి ఏ మందొచ్చినా మొదట వైద్యుడే రుచి చూడాలని తాతలనాటి ఆచారం. ఈ పసుపు మందూ మందే కదా? ముందు భట్టుగారి సీసా రానివ్వండి!"

భట్టు ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఒంట్లో నలతగా ఉందన్నాడు. రాజుగారు కళ్లెర్రజేసేసరికి సీసా పట్టుకుని చాటుకి వెళ్లొచ్చాడు. రెండు చుక్కలు పడ్డాయి. పేరిందేవిది నీలమైతే, ఇది నేరేడుపండు రంగు తిరిగింది.

"భట్టూ!" అని రాజుగారు గర్జించారు.

"నేను తినలేదు ప్రభూ! ఆచారం కొద్దీ రుచి చూశానంతే. లేహ్యంలో ఆ ఆకు చిటికెడు పడుతుంది, ఆకలి కోసం..."

"ఏ లేహ్యం?"

భట్టు తల వంచుకున్నాడు.

"ప్రభువులు రెండు పూటలా నెయ్యితో పుచ్చుకునేది."

రాజుగారు ఖాళీ సీసాల వంక చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నారు. గొంతు తగ్గించి అడిగారు. "అయితే ముమ్మన్నా, పనిలో ఎవరు మత్తుగా ఉన్నారో తేలేదెలా?"

"ఎప్పుడో నోట్లో ఏం పడిందో సీసా చెబుతుంది ప్రభూ. పనిలో చెయ్యి వణికిందో లేదో ఆ సింహాసనాన్ని అడగాలి. వారం రోజులు ఖాళీగా ఉన్నది, ఇవాళ నిండుగా ఉంది!"

రాజుగారు కిందికి చూసుకున్నారు. పొద్దుటినుంచి ఆయన దిండైనా లేకుండా హాయిగా కూర్చునే ఉన్నారు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన సభంతా ఘొల్లుమంది.

"ఇంతకీ ఆ రోజు ఎందుకు నవ్వావమ్మా?" అని రాజుగారు పేరిందేవిని అడిగారు.

"తప్పే ప్రభూ," అంది పేరిందేవి. "ఆ పొద్దున కావలివాడి ఐదేళ్ల పిల్లకి ఇంతకంటే పెద్ద గడ్డ కోశాను. కిక్కురుమనలేదు. ప్రభువులు కత్తి కనపడకముందే 'అమ్మో, చచ్చాను' అన్నారు."

రాజుగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తన చేతి కడియం తీసి ఆమెకిచ్చి, ఊరు విడవాలన్న ఆజ్ఞ రద్దు చేసి, పౌర్ణమికి కూడా సెలవు ప్రకటించారు. ఇకమీదట లేహ్యం భట్టే నూరుకోవాలన్నారు. ముమ్మన్నకి పట్టుశాలువా కప్పుతూ మాత్రం ఆగారు.

"అవునూ, అందరికీ పరీక్ష అన్నది నువ్వే కదా. నీ సీసా ఏదీ?"

"పొద్దున్నే నింపాను ప్రభూ. భయమేసి తోటలో మల్లెపొదకి పోసేశాను. పాపం, అప్పటినుంచి ఆ పొద మేకలకి పద్యాలు వినిపిస్తోంది!"

ఈసారి పేరిందేవి కిసుక్కున నవ్వితే, అందరికంటే పెద్దగా నవ్వింది రాజుగారే.