తొలకరి పక్కన నడిచిన సుంకన్న

అనగా అనగా, మన తాతల తాతలు పుట్టకముందు, నల్లగుట్ట కింద ఒక పాలెం ఉండేది. ఆ కాలంలో కోటల్లో గుర్రాలుండేవి, ఊళ్ళల్లో కరువుండేది. ఆ పాలేనికి దొర తిమ్మానాయుడు. దొరకు లాయం నిండా గుర్రాలు. ఆ గుర్రాలకు గడ్డి కోసుకొచ్చి, ఉలవలు ఉడకబెట్టి, ఒళ్ళు తోమి మాలీసు చేసే మనిషి సుంకన్న. ఇది సుంకన్న కథ. ఒక గుర్రం కథ కూడా. మనిషి కథ ఎక్కడ ఆగుతుందో, గుర్రం కథ ఎక్కడ మొదలవుతుందో ఈ కథ చెప్పే ముసలమ్మలకే సరిగ్గా తెలీదు.

సుంకన్న నెమ్మదైనవాడు. ఏదడిగినా కాసేపు ఆలోచించేవాడు. తెలిస్తే తెలుసు అనేవాడు, తెలీకపోతే తెలీదు అనేవాడు. తెలీని సంగతులే ఎక్కువ కాబట్టి ఆ మాటే ఎక్కువ అనేవాడు. నీకు తెలిసిందల్లా గడ్డి ఒక్కటేనని భార్య వెంగమ్మ నవ్వేది. అదైనా పూర్తిగా తెలుసా అని సుంకన్న నిజంగానే ఆలోచనలో పడేవాడు.

ఒక ఏడు సముద్రం దాటి వచ్చిన వర్తకులు దొరకు ఒక జాతి గుర్రాన్ని అమ్మారు. అది చూడి గుర్రం. తొలివాన పడ్డ సాయంత్రం ఈనింది, ఈని కన్నుమూసింది. గుర్రప్పిల్ల గడ్డిలో తడిగుడ్డల మూటలా పడి ఉంది. లాయం పెద్ద వచ్చి చూసి, ఇది బతకదన్నాడు. దొర వచ్చి పుల్లల్లాంటి ఆ కాళ్ళు చూసి, తల్లితోపాటే పూడ్చమన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

సుంకన్న గొంగడి తీసి పిల్లను తుడవడం మొదలుపెట్టాడు. అది లేవబోయి పడింది. మళ్ళీ లేవబోయి మళ్ళీ పడింది. మూడోసారి లేచి, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టి నిలబడి, తానెక్కడికొచ్చిందో అర్థంకానట్టు చుట్టూ చూసింది. సుంకన్న కూడా అట్లాగే చూశాడు.

వెంగమ్మ ఇంట్లో మేకను పిండి పాలు తెచ్చింది.

"బతుకుతుందా?" అని అడిగింది.

"తెలీదు."

"మరి ఎందుకు అంతగా రుద్దుతున్నావు?"

సుంకన్న ఆలోచించాడు. "అదీ తెలీదే" అన్నాడు.

బతికింది. తొలివాననాడు పుట్టింది గనక తొలకరి అని పేరు పెట్టారు. ఏడాది తిరిగేసరికి పుల్లల్లాంటి కాళ్ళకు కండ పట్టింది. రెండేళ్ళకు ఒంటి రంగు తేనెలా మెరిసింది. మూడేళ్ళకు దూదేకుల దస్తగిరి దాని వీపెక్కాడు. దస్తగిరి బక్కపలచని మనిషి, దొర గుర్రాలను పందెంలో తోలేవాడు. ఏటి ఒడ్డు వెంట ఒక్క చుట్టు తిప్పుకొచ్చి దిగాడు. తర్వాత సుంకన్న పక్కకొచ్చి, ఇది నేలమీద పరిగెత్తలేదన్నా, నేలే కిందినుంచి జరిగిపోయింది అన్నాడు.

మొదటి పందెం సొంత పాలెంలో జరిగింది. డోలు మోగింది. గుర్రాలన్నీ దూకాయి. తొలకరి మాత్రం కదల్లేదు. తిరునాళ్ళలో దారి తప్పినదానిలా కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. జనం నవ్వారు. దొర మొహం తిప్పుకున్నాడు. అప్పుడు కదిలింది. ఒక్కొక్క గుర్రాన్నీ దాటుకుంటూ అన్నిటికంటే ముందు గీత చేరింది.

రెండో పందెం మూడు పాలేలు కలిసే సంతమైదానంలో. అక్కడా అంతే. డోలు మోగింది, గుర్రాలు దూకాయి, తొలకరి ఆగింది, కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. తర్వాత గీత దగ్గర మొదట కనిపించింది అదే.

మూడో పందెం ఏరు రెండుగా చీలేచోట, అమ్మవారి జాతరలో. అక్కడా అంతే. ఇక దాని పేరు తెలీని ఊరు లేకపోయింది. ఆడవాళ్ళు దాని దారిన పసుపునీళ్ళు చల్లేవాళ్ళు.

పందెం ముందు అది ఎందుకు ఆగుతుందని అందరూ సుంకన్నను అడిగేవాళ్ళు. చనిపోయిన తల్లిని వెతుక్కుంటుందని కొందరన్నారు. మిగతా గుర్రాలకు కాస్త దూరం దానం చేస్తుందని కొందరన్నారు. సుంకన్న దాని చెవిలో మంత్రం వేశాడని ఇంకొందరన్నారు. సుంకన్న మాత్రం తెలీదనే చెప్పాడు. దాస్తున్నాడని జనం అనుకున్నారు. తనకే తెలీకుండా ఏమైనా దాస్తున్నానేమోనని సుంకన్నకూ అనుమానం వచ్చింది. నిద్రలో మంత్రాలేమైనా చదువుతున్నానా అని భార్యను అడిగాడు. గురక తప్ప ఏమీ వినలేదంది వెంగమ్మ.

ఇట్లా ఉండగా కరువు ముదిరింది. పైన ఎగువకోట దొర ఏటికి అడ్డంగా కట్ట కట్టి నీళ్ళన్నీ తన సీమకు మళ్ళించుకున్నాడు. నల్లగుట్ట కింది ఊళ్ళకు చుక్క రాలేదు. బావులు ఎండాయి. వెంగమ్మ తెల్లవారకముందే కుండలెత్తుకుని గుట్ట దాటి వెళ్ళి, పొద్దెక్కాక వచ్చేది. తెచ్చిన దాంట్లో సగం మేకకు, సగం మనుషులకు. తిమ్మానాయుడు మనిషిని పంపి బతిమాలాడు. ఎగువదొర వినలేదు. కత్తి దూద్దామంటే ఎగువదొర బలగం పెద్దది.

అయితే ఎగువదొరకు ఒక బలహీనత ఉంది. తన నల్లగుర్రాన్ని మించినది లేదని అతని నమ్మకం. అందుకే కబురు పంపాడు: ఏటి ఒడ్డున పందెం పెడదాం. తొలకరి గెలిస్తే కట్టకు తూము తెరిచి సగం నీళ్ళు వదులుతాను. నా గుర్రం గెలిస్తే తొలకరి నాది, నీళ్ళ మాట ఇక ఎత్తకూడదు.

తిమ్మానాయుడు ఒప్పుకున్నాడు. ఊళ్ళన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. ఎందుకంటే తొలకరి ఓడిపోవడం ఎవరూ చూడలేదు.

పందెంనాటి పొద్దున సుంకన్న లాయానికి వెళ్ళాడు. రోజూ తొలకరి ముట్టెతో అతని రొమ్మును ఒక్క తోపు తోసేది. ఆ రోజు తోయలేదు. గడ్డం తెచ్చి అతని భుజం మీద ఆనించి, కదలకుండా నిలబడింది. సుంకన్న కూడా కదల్లేదు. తర్వాత ఉలవలు పెట్టాడు, తినింది. నీళ్ళు పెట్టాడు, తాగింది. కాళ్ళు తడిమాడు, చల్లగానే ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా సుంకన్న మళ్ళీ మొదటినుంచి నాలుగు కాళ్ళూ తడిమి చూశాడు. ఎందుకో అతనికే అంతు చిక్కలేదు.

జీను వెయ్యమని దస్తగిరి వచ్చాడు. సుంకన్న జీను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. దస్తగిరి అతని మొహం చూసి, వెళ్ళి దొరను పిలుచుకొచ్చాడు.

"ఏమిరా సుంకన్నా, ఆలస్యం?" అన్నాడు దొర.

"దొరా, ఈ పొద్దు వద్దు."

దొర దగ్గరికొచ్చాడు. కోపం తెచ్చుకోలేదు. "కాలా?" అని అడిగాడు.

"కాదు దొరా."

"మేతా?"

"కాదు దొరా."

"ఊపిరా?"

సుంకన్న దాని పక్కటెముకలకు చెవి ఆనించి విన్నాడు. "కాదు దొరా."

"మరేంటిరా?"

"తెలీదు దొరా."

దొర లాయం గుమ్మంలోంచి బయటికి చూశాడు. ఏటి ఒడ్డంతా జనం. ఆడవాళ్ళు ఖాళీ కుండలు తెచ్చుకుని కూర్చున్నారు, గెలిచిన మరుక్షణం నీళ్ళొచ్చేస్తాయన్నట్టు. దొర మళ్ళీ ఇటు తిరిగాడు. ఏదో ఒక్కటి చెప్పు, ఎంత చిన్నదైనా సరే, దాన్ని పట్టుకుని పందెం ఆపేస్తానన్నాడు. ఆ మాట మనసారానే అన్నాడు.

కాలు కాస్త వేడిగా ఉందని ఒక్క మాట అంటే సరిపోయేది. సుంకన్న నోరు తెరిచాడు. వేడిగా లేని కాలును వేడిగా ఉందని చెప్పడం అతనికి చేతకాలేదు. బయట కుండల మధ్య వెంగమ్మ కనిపించింది. ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని ఇటే చూస్తోంది. తనకు కలిగింది భయమా, పిచ్చా, గుర్రాన్ని వదులుకోలేని స్వార్థమా అని తనను తానే అడుక్కున్నాడు.

సుంకన్న జీను వేశాడు. ఇంకెవరు పట్టుకున్నా ఆ రోజు తొలకరి గడప దాటేది కాదని తర్వాత దస్తగిరి అందరితో చెప్పేవాడు. కళ్ళెం పట్టింది సుంకన్న. అతను నడిచాడు, అది వెంట నడిచింది.

డోలు మోగింది. ఆ రోజు తొలకరి ఆగలేదు. కుడివైపు చూడలేదు, ఎడమవైపు చూడలేదు. డోలు దెబ్బ గాల్లో ఉండగానే దూకింది. జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఇదేంటి ఇట్లా అని ఒకరినొకరు అడుక్కున్నారు. నల్లగుర్రం గొప్పదే. సగం దూరం పక్కపక్కనే వచ్చింది. అక్కడ తొలకరి మెడ చాచింది. ఇక నల్లగుర్రం వెనకబడుతూనే ఉంది. గీత దగ్గర రెంటికీ మధ్య ఒక ఎద్దులబండి తిప్పుకునేంత చోటు ఉంది.

గీత దాటి తొలకరి ఇంకాస్త దూరం పోయింది. పరుగు నడకయింది. నడక ఆగింది. దస్తగిరి దిగాడు. అది ముందుకాళ్ళు మడిచింది, వెనకకాళ్ళు మడిచింది, ఇసుకలో పక్కకు ఒరిగింది. పరుగయ్యాక ఇసుకలో పొర్లడం గుర్రాలకు అలవాటే. సుంకన్న నవ్వుకుంటూ గొంగడి తీసుకుని నడిచాడు. దగ్గరికి వెళ్ళాక కూడా వెంటనే అర్థం కాలేదు. కూర్చుని ఒళ్ళు రుద్దడం మొదలుపెట్టాడు. మెడ రుద్దాడు, పక్కలు రుద్దాడు, కాళ్ళు రుద్దాడు. దస్తగిరి వంగి అతని చెయ్యి పట్టుకునేదాకా రుద్దుతూనే ఉన్నాడు.

ఒక పక్క డప్పులు మోగుతున్నాయి, జనం ఎగురుతున్నారు. ఇంకో పక్క కొందరు చుట్టూ చేరి తలపాగాలు తీశారు. ఎటు చూడాలో సుంకన్నకు తోచలేదు.

ఎగువదొర మాట తప్పలేదు. తూము తెరిచాడు. ఎండిన ఏట్లోంచి ఊరి కాలువలోకి నీళ్ళు నురగ తోసుకుంటూ, ఎండుటాకులు మోసుకుంటూ వచ్చాయి. వెంగమ్మ తొలి కుండ ముంచుకొచ్చి ముంతతో మొగుడి ముందు పెట్టింది. అతను చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత తాగాడు. ఎట్లా ఉన్నాయని ఆమె మెల్లగా అడిగింది.

"నీళ్ళలాగే ఉన్నాయి" అన్నాడు. అని ఏడ్చాడు. వెంగమ్మ పక్కన కూర్చుంది.

కొన్నాళ్ళకు దొర అతన్ని పిలిపించాడు. గుమ్మంలో నిలబెట్టకుండా, తన ఎదురుగా చాపమీద కూర్చోబెట్టాడు.

"నీకు ముందే తెలుసారా?"

"తెలీదు దొరా. తెలిసుంటే మీ కాళ్ళకు అడ్డం పడేవాణ్ణి."

"మరి వద్దని ఎందుకన్నావు?"

"అది కూడా తెలీదు దొరా."

దొర తల వంచుకున్నాడు. "తెలీదన్నప్పుడే ఆపి ఉండాల్సిందేమో. ఆపితే ఈ నీళ్ళు వచ్చేవి కావు. ఏది సరైందో నాకూ తెలీదు సుంకన్నా" అన్నాడు. అంతకుముందు ఆ దొర నోట ఆ మాట ఎవరూ వినలేదు.

తొలకరిని కాలువ గట్టున పూడ్చారు. సుంకన్న మళ్ళీ గడ్డి కోతకు వెళ్ళాడు, మిగతా గుర్రాలకు మాలీసు చేశాడు. కాలువ వెంట నడుస్తుంటే రైతులు ఎదురొచ్చి దండం పెట్టేవాళ్ళు. దండం ఎవరికో అనుకుని సుంకన్న వెనక్కి తిరిగి చూసేవాడు. వెనక ఎవరూ ఉండేవాళ్ళు కాదు. నువ్వు చేసిన మేలు మరిచిపోలేమని వాళ్ళనేవాళ్ళు. తాను చేసింది మేలో, పాపమో అతనికి తేలలేదు. పచ్చని వరిమడి చూస్తే సంతోషం వచ్చేది, ఆ సంతోషం వెనకే గుండె బరువెక్కేది. రెండింట్లో ఏది పెద్దదని దస్తగిరి ఒకసారి అడిగాడు. సుంకన్న కాసేపు ఆలోచించి, తెలీదని గడ్డిమోపు నెత్తికెత్తుకున్నాడు.

ముసలివాడయ్యాడు. ఒక వానాకాలం, కాలువ నిండుగా పారుతుండగా, పడుకున్నవాడు లేవలేదు. అతన్ని తొలకరి పక్కనే పెట్టాలని ఊళ్ళవాళ్ళన్నారు. మనిషిని గుర్రం పక్కన ఎట్లా పెడతారని కొందరన్నారు. వాదన పెరిగింది. చివరికి వెంగమ్మను అడిగారు. ఆయనెప్పుడూ దాని పక్కనే ఉన్నాడు కదా అని ఆమె అంది. అక్కడే పెట్టారు. గట్టు మీద ఒక రాయి నిలిపారు. చెక్కినవాడు మనిషిని చెక్కాడో, గుర్రాన్ని చెక్కాడో ఇప్పుడు చెప్పలేం. రాయి అరిగిపోయింది. సగంమంది సుంకన్నరాయి అంటారు, సగంమంది గుర్రపురాయి అంటారు. కాలువకు కొత్తనీరు వచ్చిననాడు అందరూ అక్కడ గుప్పెడు పచ్చగడ్డి పెడతారు.

అతను పోయిన రోజే ముసలి దొర ఒక కట్టడి చేశాడు. ఆ దొర పోయాడు, కోట కూలింది, లాయంలో ఇప్పుడు జిల్లేళ్ళు మొలిచాయి. కట్టడి మాత్రం పోలేదు. గుర్రాల కాలం పోయి ఎద్దులు బండ లాగే పందేలు వచ్చినా నల్లగుట్ట కింది ఊళ్ళల్లో ఈనాటికీ అట్లాగే జరుగుతుంది. కాడి కట్టాక యజమాని వెంటనే తోలమనడు. ఆ ఎద్దులకు మేత వేసే మనిషి ఎదుటికి తానే వెళ్ళి నిలబడతాడు. కాలా అని అడుగుతాడు, మేతా అని అడుగుతాడు, ఊపిరా అని అడుగుతాడు. మేత వేసే మనిషి మూడింటికీ కాదని చెప్పి, అంతటితో ఆగిపోతే బండ లాగిస్తారు.

ఎప్పుడో ఒకసారి ఆ మనిషి ఆగిపోడు. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, తల గోక్కుని, తెలీదు అంటాడు. బెట్టు చేస్తున్నాడని ఎవరూ అనరు. కారణం చెప్పమని ఎవరూ అడగరు. డప్పులవాళ్ళు డప్పులు దించుతారు. యజమాని తన చేతులతోనే కాడి విప్పుతాడు.