మెడకింద చెయ్యి

పెయింటర్ త్రిమూర్తులికి ఒక సుగుణం ఉండేది. దాని గురించి ఇంకొకరు చెప్పాల్సిన శ్రమ లేకుండా తనే చెప్పేవాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కుస్తీలో పడినట్టు నటించే దొంగపాటుకి చప్పట్లు కొట్టి ఎరగడు. డేరాలు కట్టి ఆడే టిక్కెట్టు కుస్తీల్లో ఎవడు గెలవాలో, ఎవడు పడాలో పొద్దున్నే మాట్లాడుకుంటారని సామర్లకోటలో సగం మందికి తెలుసు. తెలిసినవాళ్ళు కూడా కొన్న టిక్కెట్టుకి మర్యాద ఇచ్చి, నోరు మూసుకుని చూసి, ఈలలు వేసి ఇంటికి పోయేవారు. త్రిమూర్తులు నోరు మూసుకునేవాడు కాదు. మూడో వరసలో కూచుని ఏ పట్టు నిజమో, ఏది నటనో పక్కవాడికి చెప్పేవాడు. పక్కవాడు విననంటే వెనక్కి తిరిగి వెనకవాడికి చెప్పేవాడు. దీన్ని అతను నిజాయితీ అనేవాడు. అతని భార్య నోటిదురద అనేది. పాతికేళ్ళ కాపురంలో ఆ సంగతి తేలలేదు.

అతనికి కుస్తీ రాదు. ఆ మాట కూడా అతనే ఒప్పుకునేవాడు. వయసులో ఉండగా, కుస్తీ నేర్పే నూకరాజు వస్తాదుగారి తాలింఖానాలో చేరి ఆర్నెల్లు దండీలు తీశాడు గానీ, పదకొండో దండీ ఎలా ఉంటుందో చూడలేకపోయాడు. దాంతో ఆడటం మానేసి తీర్పు చెప్పడం మొదలుపెట్టాడు. వస్తాదుగారు మాత్రం అతన్ని శిష్యుడి కిందే లెక్కవేశారు. త్రిమూర్తులు కూడా ఆయన్ని గురువుగారూ అనే పిలిచేవాడు.

చూసిన ప్రతి మల్లుడికీ అతని నోటుబుక్కులో ఒక అంతస్తు ఉండేది. ఎవరి ఛాతీ ఎంత, ఎవరు ఎందర్ని ఎత్తేశారు, ఎవరు దెబ్బ తగిలినా మొహం చిట్లించలేదు, అన్నీ రాసి పెట్టుకుని ఏటా కొట్టేసి మళ్ళీ రాసేవాడు. తాలింఖానాకి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, లోపలి గోడ మీద పదిమంది గొప్ప మల్లుల పేర్లు వరసగా రాయమని కమిటీవాళ్ళు అడిగినప్పుడు, తన జన్మ ఇందుకే ఎత్తినట్టు పొంగిపోయాడు. కిందనుంచి పైకి ఎనిమిది పేర్లు మూడు రోజుల్లో రాసేశాడు. మొదటి రెండు స్థానాల దగ్గర కుంచె ఆగిపోయింది.

అక్కడ ఇద్దరున్నారు. మండపేట పోతురాజు, గదల గవరయ్య. పోతురాజు పద్దెనిమిదేళ్ళు ఆడాడు. గవరయ్య ఆడింది ఏడేళ్ళే. కానీ ఇరవై ఏళ్ళ కిందట పెద్దాపురం డేరాలో గవరయ్య ఒక మనిషిని రెండు చేతులా నెత్తి మీదికి ఎత్తి నేలకేసిన తీరు, చూసిన నాలుగువేల మందీ చచ్చేదాకా మరిచిపోరని త్రిమూర్తులు అనేవాడు. అందులో తనకీ కాస్త వాటా ఉందని కూడా అనేవాడు. సరైన సమయంలో తను ఒక్క కేక వేశాడనీ, ఆ కేకతోనే గవరయ్య నటన మానేసి నిజంగా వేశాడనీ టీకొట్టు దగ్గర, సెలూన్‌లో, పెళ్ళి పందిళ్ళలో చెప్పి చెప్పి ఆ కథకి నునుపు తెచ్చాడు. అయినా తన వాటా ఉన్నవాణ్ణి తనే మొదట రాస్తే పక్షపాతం అంటారేమోనని భయం. అంచేత గురువుగారి దగ్గరికి వెళ్ళి, అందరిలోకీ గొప్ప మల్లుడు ఎవరండీ అని అడిగాడు.

ప్రశ్న అడిగినవాడికి జవాబివ్వడం వస్తాదుగారి అలవాటు కాదు. పార ఇచ్చేవారు. గోదాలో మట్టి అంతా తిరగేసి, గడ్డలు చిదిపి, నీళ్ళు చల్లి రమ్మనేవారు. సగం ప్రశ్నలు ఆ చెమటలోనే పోయేవి. త్రిమూర్తులు బొబ్బలెక్కిన చేతులతో తిరిగొచ్చి మళ్ళీ అదే అడిగాడు. ముసలాయన కాసేపు అతని చేతులకేసి చూసి అన్నారు.

"వీళ్ళందరి కిందా పడ్డవాడు ఒకడున్నాడు. రేపు మధ్యాన్నం వెళ్ళి అతన్నడుగుదాం. కానీ అక్కడ నువ్వు నోరు తెరవకు. అడిగేది నేనడుగుతాను."

త్రిమూర్తులికి మనసు చివుక్కుమంది. కుస్తీ గురించిన కబుర్లకి తీసుకెళ్తూ తనని నోరు మూసుకోమనడం, పెళ్ళికి పిలిచి భోజనం చెయ్యొద్దన్నట్టుంది. అయినా గురువు మాట. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో నోటుబుక్కు పెట్టుకుని వెంట నడిచాడు.

కాలవ లాకులు దాటాక రైసుమిల్లు వెనక చిన్న పెంకుటిల్లు. మిల్లులో పనిచేసే బంగారమ్మ అనే ఆవిడ తలుపు తీసింది. ఆవిడ తండ్రి జోగులు, మూడు నెలల కిందట అనకాపల్లి వైపునుంచి కూతురి దగ్గరికి వచ్చాడట. మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. చాలా ఏళ్ళు మెడ తిప్పలేకపోయినా ఎలాగో నడిచి తిరిగాడనీ, ఈ ఏడు కాళ్ళూ చేతులూ కూడా మాట వినడం మానేశాయనీ బంగారమ్మ చెప్పింది. త్రిమూర్తులికి ఆ పేరు ఎక్కడో విన్నట్టు అనిపించింది. తను రాసిన కుస్తీ బోర్డుల మీద అట్టడుగున, కుంచెలో మిగిలిన రంగుతో రాసే పేర్లలో అదొకటి. డేరావాళ్ళు గెలిచేవాళ్ళని ఊరూరా మార్చేవారు గానీ పడేవాణ్ణి మార్చేవారు కాదు. జోగులు పడేవాడు.

ఎవరో వచ్చారని తెలిసి జోగులు కళ్ళు మాత్రం పక్కకి తిరిగాయి. దాహమన్నాడు. బంగారమ్మ వెనకవైపు పొయ్యి దగ్గర ఉంది. వస్తాదుగారు నీళ్ళ గ్లాసు తీసి త్రిమూర్తులి చేతికిచ్చి, లేపి పట్టమని సైగ చేశారు. త్రిమూర్తులు భుజం పట్టుకుని లేపబోతే జోగులు మూలిగాడు. వస్తాదుగారు త్రిమూర్తులి అరచెయ్యి పట్టుకుని జోగులు మెడకింద, తల బరువంతా ఆనేచోట పెట్టారు. అప్పుడు నీళ్ళు దిగాయి. తాగాక కూడా జోగులు తల దించమనలేదు. కాసేపు అలాగే ఉంచమన్నాడు. త్రిమూర్తులు మంచం పట్టె మీద కూచుని, ఆ తలని అలాగే పట్టుకున్నాడు.

వస్తాదుగారు అడిగారు. నువ్వు పోతురాజు కింద పడ్డావు, గవరయ్య కింద పడ్డావు, ఊరికొకడి కింద పడ్డావు. వాళ్ళలో గొప్పవాడు ఎవడు?

జోగులు నవ్వాడు. పడీవోడికి ముఖాలేటి అగుపడతాయి బాబూ, డేరా కప్పే అగుపడతాది, అన్నాడు. మెడకి తెలిసిందే చెప్తానన్నాడు. పోతురాజు చెయ్యి మంచిదేనట, కానీ బిగువు. ఫలానావాడి చేతికి చెమట. ఒకడు కోపం వస్తే చెయ్యిచ్చేవాడు కాదట. త్రిమూర్తులి నోటుబుక్కులో లేని కొలత ఇది. బయట ఎవడైనా చెయ్యిచ్చాడంటే మోసం చేశాడని అర్థం. డేరా కుస్తీలో చెయ్యివ్వడం అంటే వేరు. మనిషిని ఎత్తి వేసేటప్పుడు, జనానికి కనపడకుండా, అతని మెడకింద అరచెయ్యి పెట్టి నేలకి దించడం. చూసేవాడికి పిడుగు పడ్డట్టుంటుంది. పడేవాడు మర్నాడు లేచి ఇంకో ఊళ్ళో పడతాడు. ఆ చెయ్యినే త్రిమూర్తులు ఇన్నేళ్ళూ దొంగపాటు అన్నాడు.

"అందరికన్నా గొప్పోడి పేరు నాకు తెలీదండి," అన్నాడు జోగులు. "తణుకులో ఒక్కరోజే ఆడేడు. నన్నెత్తి, మెడకింద చెయ్యేసి, పువ్వు దించినట్టు దించి, మీద పడి చెవిలో అడిగేడు. ఏటి ఇంత తేలిగ్గున్నావు, అన్నం తినలేదా, అని."

మరి గవరయ్యో అని వస్తాదుగారే మెల్లిగా అడిగారు.

గవరయ్య చెయ్యి పరుపులా ఉండేదట. ఏడేళ్ళలో ఒక్కనాడు తప్పలేదట. పెద్దాపురంలో నెత్తి మీదికి ఎత్తినప్పుడు కూడా ఎప్పట్లాగే వేళ్ళు మెడకిందికి వస్తున్నాయట. అప్పుడు ముందు వరసల్లోంచి ఒక గొంతు లేచింది.

"గవరయ్యా, చెయ్యి తియ్యి. మేం గుడ్డోళ్ళం కాదు, అని అరిచేడండి ఎవడో. డేరా అంతా గొల్లుమంది. గవరయ్య మానం గలోడు. తీసేసేడు. తలగడ లాగేసినట్టు తెలిసింది నాకు. తరవాత తెలవలేదు."

పడ్డవాణ్ణి మోసుకుపోవడం కూడా ఆటలో భాగమే కాబట్టి, జోగుల్ని మోసుకుపోతున్నప్పుడు జనం ఈలలు వేశారు. ఈలలు వేసినవాళ్ళలో త్రిమూర్తులు ఉన్నాడు. ఆ పూట అతను ఇంటికి వెళ్ళి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మెడ విరిగిందన్న కబురు అతనిదాకా రాలేదు. అతను అడగనూ లేదు. గవరయ్య ఆస్పత్రికొచ్చి ఏడ్చాడని, ఆ ఏడే కుస్తీ వదిలేసి ఎటో పోయాడని జోగులు చెబుతున్నాడు. తల ఇంకా త్రిమూర్తులి అరచేతిలోనే ఉంది. చెయ్యి వణుకుతోంది. తీస్తే తల పడుతుంది. తియ్యకపోతే వణుకు తెలుస్తుంది.

ఆ అరిచినవాడి మీద నీకు కోపం లేదా అని అడిగారు వస్తాదుగారు.

"కోపమేటండి. ఆడు కుస్తీ తెలిసినోడు. తెలీనోడైతే చప్పట్లు కొట్టీవోడు. ఆ గొంతు మాత్రం ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఎక్కడున్నా పోల్చుకుంటాను."

దార్లో లాకుల దగ్గర త్రిమూర్తులు ఆగాడు. అది నేనని మీకు తెలుసా గురువుగారూ అన్నాడు. తెలుసు, ఇన్నేళ్ళుగా నువ్వే చెప్తున్నావుగా, అన్నారాయన. వెనక్కి వెళ్ళి ఒప్పుకోమంటారా అని అడిగితే, కాలవకేసి చూసి, ఇవాళ నీళ్ళు వదిలినట్టున్నారు అన్నారు.

మర్నాడు త్రిమూర్తులు ఒక్కడే వెళ్ళాడు. ఒప్పుకుందామనే వెళ్ళాడు. గుమ్మం దాటాక, నోరు తెరిస్తే మొదటి మాటకే పోల్చుకుంటాడు గదా అని గుర్తొచ్చింది. తెరవలేదు. నీళ్ళు పట్టాడు, గంజి పట్టాడు, తల పట్టుకుని కూచున్నాడు. ఆ మర్నాడూ అంతే. నాలుగోనాటికి జోగులు కూతురితో, వస్తాదుగారు పంపిన మూగబాబు బంగారం లాంటి మనిషే అన్నాడు. సామర్లకోట మొత్తానికి పెద్ద నోరున్న మనిషి రోజుకో పూట ఆ ఇంట్లో మూగవాడయ్యాడు. బజార్లో అతని వాగుడు విన్న బంగారమ్మ ఒకసారి ఆగి వింతగా చూసింది గానీ ఏమీ అనలేదు. తండ్రితో కూడా చెప్పినట్టు లేదు.

గోడ సంగతి కమిటీవాళ్ళు తొందరపెట్టారు. త్రిమూర్తులు మొత్తం సున్నం కొట్టేసి, పదిమందితో ఆగకుండా నోటుబుక్కులో ఉన్న పేర్లన్నీ అకారాది క్రమంలో రాశాడు. దాంతో జన్మలో మూడు కుస్తీలు ఆడి రెండు ఓడిన అప్పన్న అందరికన్నా పైకెక్కాడు. ఊరంతా నవ్వింది. అప్పన్న ఒక్కడే అందులో తప్పేమీ లేదన్నాడు.

ప్రతిరోజూ ఇవాళ చెప్పేస్తాననే వెళ్ళేవాడు. చొక్కా తొడుక్కుంటూ మాటలు పేర్చుకునేవాడు. ఆ తల చేతిలోకి వచ్చేసరికి నీళ్ళ గ్లాసు అందుకునేవాడు. చెబితే తన బరువు దిగుతుందేమో గానీ, ఈ మనిషి చివరి రోజుల్లో ఆనుకుంటున్న చెయ్యి ఎవరిదో తెలిశాక ఇక దేని మీద ఆనుకుంటాడు? ఇది జాలో, పిరికితనమో అతనికి తేలలేదు. రెండింటికీ ఒకే మొహం ఉంది.

నాలుగు నెలలు గడిచాయి. దసరా వెళ్ళిన వారానికి ఒక పొద్దున్న బంగారమ్మ కబురు పెట్టింది. వెళ్ళేసరికి జోగులు ఊపిరి ఎగబీలుస్తున్నాడు. త్రిమూర్తులు మెడకింద చెయ్యి పెట్టాడు. ముసలాయన కళ్ళు అతని మొహం మీదికి తిరిగి చాలాసేపు ఉన్నాయి.

"దేవుడు నీకు గొంతివ్వలేదు గానీ బాబూ," అన్నాడు, "చెయ్యిచ్చేడు."

త్రిమూర్తులు నోరు తెరిచాడు. మాట రాలేదు. కాసేపటికి అరచేతిలో బరువు మారింది.

కాల్చి వచ్చాక స్నానాలు చేసి గురుశిష్యులిద్దరూ తాలింఖానా అరుగు మీద కూచున్నారు. తెలిసే అన్నాడా, తెలియక అన్నాడా అని త్రిమూర్తులు అడిగాడు. వస్తాదుగారు ఈసారి పార కూడా ఇవ్వలేదు. త్రిమూర్తులే మళ్ళీ అన్నాడు.

"నాలుగు నెలలు వెళ్ళాను గురువుగారూ. నేనే, తప్పయిపోయింది, అని రెండు మాటలు. ఎలా అనాలో నేర్చుకోలేకపోయాను. ఇప్పటికీ రాదు."

నూకరాజు వస్తాదు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"పెద్దాపురంలో ఆ నాలుగు మాటలు నీకు ఎవరు నేర్పేరు?"