తాబేలు మణికట్టు

నల్లమల అడవిలో కొండముచ్చు కోటయ్య ఒక ఇసుక గోదా నడిపేవాడు. వయసులో ఉండగా ఏదో పట్నంలో ఐకిడో నేర్పే హాలు కిటికీ మీద కూర్చుని ఆ విద్యంతా చూసి పట్టేశాడట. ఆ వీధిలో వేరుశనక్కాయలు కూడా బాగుండేవట, అది వేరే సంగతి. ఎదుటివాడి మణికట్టు పట్టి, వాడి ఊపునే మలుపు తిప్పి పడగొట్టి, నేలకి అదిమి పట్టడం ఆ విద్య. కిందపడ్డవాడు నొప్పి ఓర్వలేకపోతే నేలను రెండుసార్లు తట్టాలి. తట్టినవాడు ఓడినట్టు. పట్టినవాడు వెంటనే వదిలెయ్యాలి.

కోటయ్యకి ఇప్పుడు చూపు పోయింది, తీర్పంతా చెవులతోనే. గోదా అప్పగించడానికి వారసుడు కావాలి. నక్క నాంచారయ్యకి ఆ స్థానం మీదే ప్రాణం. రెండేళ్లు సాధన చేశాడు గానీ, ఒక్క కుందేలుతోనే. అది పాపం, చెయ్యి ముట్టుకుంటే చాలు, మర్యాదకి పడిపోయేది.

పరీక్ష వేళ గోదాలో ఇంకెవరూ ఉండకూడదు. కోటయ్య తాబేలు తాయారమ్మ ఒక్కదాన్నే పిలిపించాడు.

"ఈవిడా!" నాంచారయ్యకి నవ్వాగలేదు. "ఏం తాయారత్తా, మెల్లగా పడతావా, గట్టిగా పడతావా?"

"పడెయ్యి నాయనా, చూద్దాం. నేలకి నాకూ ఎంత దూరం గనక!"

నాంచారయ్య మణికట్టు పట్టి తిప్పాడు. తిరగలేదు. కుందేలుకి తిప్పినట్టే మళ్ళీ తిప్పాడు. చెయ్యి జర్రున డిప్పలోకి జారిపోయింది. దాని వెనకే మిగతా మూడు కాళ్ళూ, తలా, తోకా కూడా. నాంచారయ్య కొయ్యబారిపోయాడు. పట్టుకోవడానికి ఏదీ లేదు!

"ఏమిట్రా, చప్పుడు లేదు?" అన్నాడు కోటయ్య.

నాంచారయ్య గబుక్కున డిప్ప మీద బోర్లా పడి, తన తోకతో నేలను టపటపా రెండుసార్లు కొట్టాడు. "తట్టేసింది గురువుగారూ! వదిలేశాను!"

కోటయ్య వచ్చి డిప్ప చుట్టూ తడిమాడు. "ఒక్క కాలూ బయట లేదే! తోకా లేదు. తాయారమ్మా, దేంతో తట్టావమ్మా?"

"నేనా? తట్టడానికి నేను బయటుంటే కదా అన్నయ్యా!" అంది తాయారమ్మ లోపల్నుంచి.



"ఉన్నది మీరిద్దరే. ఆవిడ తట్టలేదు. అయితే ఓడిందెవర్రా?" అన్నాడు కోటయ్య. "గోదా ఇకమీదట ఈవిడది. రేపు పొద్దున్నే వచ్చి మొదటి పాఠం నేర్చుకో."

నాంచారయ్య తన తోకని, అదెవరిదో అన్నట్టు, నమ్మలేక చూస్తూ కూలబడిపోయాడు.

ఎదుటివారిని బట్టి పట్టు మార్చుకోవడం నేర్వనివాడు మోసాన్ని నమ్ముకుంటాడు, ఆ మోసమే వాణ్ణి పడగొడుతుంది.