తెరచాప తాడు కొస

"అమ్మా, రెండు దేశాలు ఒకే ఏడాది దొరల్ని తరిమేశాయి. ఒకచోట పాలకుడు జనానికి జవాబు చెబుతున్నాడు, ఇంకోచోట జనం నోరెత్తితే జైలు. మంచివాడు దొరకడం ఉత్త అదృష్టమేనా?"

కాళింది ఊరికే అడగలేదు. మర్నాడు గోదారి మధ్యనున్న ఆమె లంకలో జనం కూడి కొత్త పాలనకు కట్టుబాట్లు రాసుకోబోతున్నారు. చిత్తుప్రతి ఆమె సంచిలోనే ఉంది. బడి, వైద్యం, సాగునీరు, పాలకుడు ఇవ్వవలసినవన్నీ అందులో ఉన్నాయి.

గురువమ్మ వేదవల్లి పడవల రేవు వైపు దారితీసింది. "పద, నిన్ను మీ లంకలో దింపి వస్తా" అంది.

గోదారి మీద పొగమంచు. ఏది నీరో ఏది ఆకాశమో తెలియదు. వాళ్లెక్కిన పడవా, ఇంకో పడవా పక్కపక్కనే, నిద్రలో నడిచినట్టు కదిలాయి. గాలి బొత్తిగా లేదు. నడిఏట్లో రెండింటిలోనూ తెడ్లవాళ్లు చేతులాపేశారు.

"ఏంట్రా, అలకా?" పక్క పడవను నడిపించే సరంగు నవ్వాడు.

"కూరలోకి చేప కావాలి బాబూ!"

"చేపేం ఖర్మ, రొయ్యలే వండిస్తా. వెయ్యండ్రా!"

వాళ్లు ఈలలేసి తెడ్లందుకున్నారు.

ఈ పడవ తెడ్లవాళ్లలోంచి ముసలి నూకరాజు లేచాడు. "మాకు చేపలొద్దు సరంగూ. తెరచాప తాడు కొస మా చేతికియ్యి."

"గాలే లేదు, తాడెందుకురా? మొలకి కట్టుకోడానికా?"

"గాలి లేనప్పుడైతేనే ఇస్తావని."

తెడ్లు పడకపోతే పడవ కదలదు; ఈ పడవ సరంగు తిట్టుకుంటూనే ఇచ్చాడు. రొయ్యలు పోగొట్టుకున్నారే పాపం అనుకుంది కాళింది.

ఎండ పొడిచింది. మంచు విడి, గాలి లేచింది. రెండు తెరచాపలూ నిండుగా పొంగాయి.

"బాబూ, మా రేవు దాటిపోతోంది!" పక్క పడవలోంచి తెడ్లవాళ్ల కేకలు.

"ముందు నా సరుకు దిగాలి. మీ తెడ్లతో ఇప్పుడు పనేముంది? కూర్చుని రొయ్యలు తినండి!"

ఆ పడవ తెల్లగా, అందంగా, కేకలతో సహా వెలుగులో కరిగిపోయింది.

ఈ సరంగు కూడా కాళింది రేవు దాటించబోయాడు. నూకరాజు చేతిలో తాడు వదిలాడు. తెరచాప టపటప కొట్టుకుని వాలిపోయింది. పడవ నిలిచింది. సరంగు పళ్లు నూరి, చుక్కాని రేవు వైపు తిప్పాడు.

ఒడ్డున కాళింది సంచిలోంచి చిత్తుప్రతి తీసి, పైనుంచి కిందిదాకా చదివింది.

"అమ్మా, ఇందులో అన్నీ రొయ్యలే, తాడు కొస లేదు" అంది చివరికి.

గురువమ్మ చీర కుచ్చిళ్లు పిండుకుంటూ తలెత్తింది.

"మీ లంకలో ఇంకా గాలి లేవలేదు కదే."