కొత్త పాఠం లేని రోజు

ఏలూరులో మంజులత అని ఒకావిడ ఉండేది, ప్లాన్ వేసిందంటే అందులో ఊపిరి పీల్చుకోడానికి కూడా సందు ఉంచేది కాదు. కూతురు లాస్యని బడి మాన్పించి, మూడో తరగతి ఇంట్లోనే పాతకాలం పద్ధతిలో చెప్తానంది. పొద్దున్నే ఎక్కాలు, తర్వాత పద్యం, సంస్కృతం, రాజుల కథలు, చూచిరాత, సాయంత్రం మళ్ళీ ఇంకో పద్యం. ఏడాది మొత్తానికి చార్టు గీసి ఫ్రిజ్ మీద అతికించేసింది.

మామగారు చలపతిరావు రిటైరైన లెక్కల మాస్టారు. ఆ చార్టు చూసి, "పూర్వం వీధిబడుల్లో పాడ్యమికీ అష్టమికీ కొత్త పాఠం చెప్పేవాళ్ళు కాదమ్మా. నీ చార్టులో ఆ సెలవులేవీ?" అన్నాడు.

"అవి ఉత్త దండగ మామయ్యగారూ, కొట్టేశాను."

"సరే. విజయదశమికి చుట్టాలంతా వస్తారుగా. నేనడిగిన పద్యం తప్పు లేకుండా చెప్పి, అర్థం కూడా చెప్తే పిల్ల నీ దగ్గరే చదువుతుంది. లేదంటే మర్నాడే బడి."

మంజులత ఇంకా స్పీడు పెంచింది. లాస్య పొద్దున గడగడా చెప్పేసేది, రెండ్రోజులకి మర్చిపోయేది. వినాయక చవితి నాడు తాతయ్య ఊరికే ఒక పద్యం అడిగాడు. లాస్య ఏనుగు పద్యం మొదలెట్టి చీమ పద్యంలో తేలింది.

"ఏనుగు కడుపున చీమ పుట్టిందేంటే?" అని తాతయ్య నవ్వాడు. లాస్య వెళ్ళి మంచం కింద దూరింది.

"నేను బడికే పోతా. అక్కడ మధ్యలో గంట కొడతారు" అంది లోపల్నుంచి.

మంజులతకి ఏడుపొచ్చింది. పైగా ఆ వారంలోనే జ్వరం, పాఠాలన్నీ బంద్. పడుకుని ఉంటే వంటింట్లోంచి లాస్య గొంతు వినపడింది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న నానమ్మకి పాఠం చెప్తోంది.

"కాదు నానమ్మా. ఏనుగు దగ్గర ఆగకు, పక్క మాటతో కలుపు."

"ముసలిదాన్నే, కాస్త మెల్లగా చెప్పు."

"అర్థం తెలిస్తే అదే వస్తుంది. ఏనుగుకి పొగరు, అందుకే గోతిలో పడింది. ఇప్పుడు చెప్పు."

నానమ్మకి నేర్పుతుంటే లాస్య నోట ఒక్క తప్పు లేదు. పిల్లకి కావాల్సింది ఏంటో మంజులతకి అప్పుడు వెలిగింది. జ్వరం తగ్గగానే పాత చార్టు చింపి పారేసింది. పద్యాలు సగానికి తగ్గించింది. పాడ్యమి, అష్టమి వస్తే కొత్త పాఠం లేదు. ఆ రోజు లాస్య టీచరు, నానమ్మ స్టూడెంటు. అంతే.

విజయదశమికి హాలంతా జనం. తాతయ్య కావాలనే అన్నిటికంటే కష్టమైన పద్యం అడిగాడు. లాస్య నిలబడి ఏకధాటిగా చెప్పేసింది. అర్థం చెప్పింది. అక్కడితో ఆగిందా?

"తాతయ్యా, ఇప్పుడు నువ్వు అప్పజెప్పు" అంది.

మాస్టారు రెండో పాదంలోనే ఆగిపోయాడు. హాలంతా ఘొల్లుమంది. సోఫాలో కూర్చున్న నానమ్మ మూడో పాదం అందుకుని చివరిదాకా లాగించేసింది.

"ఓడిపోయానమ్మా. పిల్ల నీ దగ్గరే చదువుతుంది" అన్నాడు చలపతిరావు కోడలితో. "వచ్చే అష్టమికి నన్ను కూడా ఆ క్లాసులో చేర్చుకోండి."

"ఫస్టు బెంచీలో కూర్చోవాలి మరి" అంది లాస్య.

చదువుకి ప్లాన్ వేసేవాళ్ళు, నేర్చుకున్నది ఒంటబట్టడానికి కూడా రోజులు వదలాలి.