డైనమో శ్రుతి

పాత అంబాసిడర్‌కి కొత్త స్టీరియో పెట్టించినప్పటి నుంచి పైడిరాజుకి పాట వినబడటం మానేసింది. ఈల ఒక్కటే వినబడుతోంది.

సన్నటి ఈల. ఇంజను తిరగడం మొదలవగానే స్పీకర్లన్నింట్లోంచీ దోమ రొదలా బయల్దేరుతుంది. ఆక్సిలేటర్ తొక్కితే పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. పాట ఎంత గట్టిగా పెట్టినా దాని అడుగున ఆ ఈల ఉండనే ఉంటుంది. మిగతావాళ్లకి అది ఉన్నట్టే తెలీదు. పైడిరాజుకి మాత్రం అది తప్ప ఇంకేదీ తెలీదు.

కారు అతనిది కాదు. అతని గురువు మాణిక్యాంబ గారిది. విజయనగరం చుట్టుపక్కల హరికథ అంటే జనం మొదట తలుచుకునే పేరు ఆవిడదే. డెబ్భై దాటినా, కాళ్లకి గజ్జెలు కట్టి చిడతలు పట్టుకుని నిలబడ్డారంటే పందిరి చివర కూర్చున్నవాడికి కూడా అక్షరం పోకుండా వినబడాల్సిందే. ఎప్పుడో ఒక అభిమాని మనసుపడి ఇచ్చిన కారది. ఏ ఊళ్లో కథ ఉన్నా అందులోనే ప్రయాణం. ముందు సీట్లో ఆవిడ, వెనక సీట్లో మృదంగాన్ని పసిపిల్లలా పక్కన పడుకోబెట్టుకుని అప్పన్న మాస్టారు, స్టీరింగు దగ్గర పైడిరాజు. ఏళ్ల తరబడి ఆవిడ దగ్గరే కథ నేర్చుకుంటూ, ఆవిడ వెనక నిలబడి వంత పాడుతూ, కారు నడుపుతూ వస్తున్నాడు.

కారులో ఉన్న పాత క్యాసెట్ ప్లేయరు టేపు నమలడం మొదలుపెట్టి చాలాకాలమైంది. వెనక అద్దం కింద ఉన్న ఒకే ఒక్క స్పీకరు జలుబు చేసినవాడిలా మాట్లాడేది. మాణిక్యాంబ గారు వయసులో ఉండగా చెప్పిన కథల క్యాసెట్లు పైడిరాజు ఎక్కడెక్కడినుంచో సంపాదించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఆవిడ పాట ఆవిడకే దారి పొడవునా వినిపించాలని అతని కోరిక.

ఆ కోరిక కొద్దీ మంచి స్టీరియో తెచ్చాడు. ముందు తలుపులకి కొత్త స్పీకర్లు, వెనక అద్దం కింద ఇంకో జత, సీటు కింద ఆంప్లిఫయరు. అంబాసిడర్ డాష్‌బోర్డులో కొత్త స్టీరియో పట్టకపోతే రేకు కోయించి, చుట్టూ టేకు చెక్కతో చట్రం చేయించి, దేవుణ్ణి మందిరంలో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టించాడు.

మొదటిరోజు మాణిక్యాంబ గారు తన పడుచు గొంతు తనే విని, మోకాలి మీద తాళం వేస్తూ, "ఎవర్రా ఈ పిల్ల? దంచేస్తోంది!" అని పకపకా నవ్వారు. అప్పన్న మాస్టారైతే కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

పైడిరాజు మొహం మాత్రం ముడుచుకుపోయింది.

"ఈల వస్తోందండి," అన్నాడు.

"ఏం ఈల?" అన్నారు మాస్టారు.

స్టీరియో బిగించిన ఖాదర్ బాషా బానెట్ ఎత్తి చూసి, "పాత బండి కదా గురూ. డైనమో రొద వైర్లెమ్మట లోపలికి వచ్చేస్తంది," అన్నాడు. వైర్లు దూరంగా జరిపాడు. ఎర్తు మార్చాడు. మధ్యలో ఏదో చిన్న డబ్బా తగిలించాడు. ఈల సన్నబడింది. పోలేదు. పైడిరాజు స్పీకర్లు మార్పించాడు. ఆంప్లిఫయరు మార్పించాడు. ఆఖరికి ఖాదర్ బాషా అతన్ని దూరం నుంచి చూడగానే షట్టర్ దించడానికి లేచేంత వరకూ వచ్చింది.

అతని చెవి అలాంటిది మరి. శిష్యుడిగా చేరిన కొత్తల్లో మాణిక్యాంబ గారే అన్నారు, "వీడిది బంగారం లాంటి చెవిరా అప్పన్నా," అని. ఆ మాట పైడిరాజులో పడి, మొలిచి, మానైపోయింది. హార్మోనియం మెట్టు వెంట్రుకవాసి తగ్గినా అతను పట్టేస్తాడు. పట్టేసి ఊరుకోడు. బొబ్బిలిలో కథ మంచి రసపట్టులో ఉండగా ముందుకి వంగి, ఆ ఊళ్లో హార్మోనియం వాయించే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు. సభంతా చూస్తుండగా ఆయన మొహం నల్లబడిపోయింది. మాణిక్యాంబ గారు శిష్యుణ్ణి ఒక్కమాట అనలేదు. అప్పటికప్పుడు ఒక పిట్టకథ అందుకుని, అందర్నీ నవ్వించి, ఆ నవ్వులోనే ఆ పెద్దాయన్నీ కలిపేసుకుని ముందుకి వెళ్లిపోయారు.

ఊళ్లో వాళ్ల తప్పులు పట్టీ పట్టీ, చివరికి ఆ చెవి తన గొంతు మీదే పడింది. ఫోన్లో తన పాట రికార్డు చేసుకుని వింటే ప్రతి చరణంలోనూ ఏదో ఒక లోపం. పై షడ్జం దగ్గర గొంతు చీలడం అన్నిటికన్నా పెద్ద లోపం. అందుకే ఒంటరిగా కథ చెప్పమని గురువుగారు ఎప్పుడడిగినా ఒకసారి జలుబనేవాడు, ఇంకోసారి జ్వరమనేవాడు. వెనక నిలబడి వంత పాడటమే హాయిగా ఉండేది. అదీ ఈమధ్య పెదవులు కదపడం వరకే వచ్చింది.

శ్రీరామనవమికి కొండమీద ఊరివాళ్లు కథకి పిలిచారు. మాణిక్యాంబ గారు ఫోన్లోనే చెప్పేశారు, "ఈసారి కథ మా పైడిరాజు చెప్తాడు," అని. పైడిరాజు పక్కనే ఉన్నాడు. కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నవమి రోజు మధ్యాహ్నం శృంగవరపుకోటలో కారు ఆపి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు కొనుక్కున్నారు. ఊరు దాటాక పైడిరాజు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, ఈవేళ కూడా కథ మీరే చెప్పండి."

"ఎంచేత?"

"నా పాటలో దోషం ఉందండి. అది పోయాక చెప్తాను."

"ఆఁ," అన్నారు మాణిక్యాంబ గారు, ఒక కాయ ఒలుచుకుని నోట్లో వేసుకుంటూ.

స్టీరియోలో ఆవిడ కథే వస్తోంది. దాని అడుగున ఈల. పైడిరాజు పళ్లు బిగించి కాసేపు నడిపాడు. ఇక పట్టలేకపోయాడు.

"ఒక్క సంగతి చెప్పండమ్మా. అపశ్రుతి వినబడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

ఆవిడ అతని వైపు చూశారు. తరవాత స్టీరియో వైపు చూశారు.

"ఆ పాట ఆపెయ్యి."

పైడిరాజు స్టీరియో కట్టెయ్యబోయాడు.

"అది కాదు. పాట ఒక్కటీ ఆపు. ఈల ఉండనీ."

పైడిరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "మీకూ వినబడుతోందా అండీ?"

"చెవులున్నాయి కదరా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

ఆవిడ ఇంకో కాయ ఒలుచుకున్నారు. "పెన్‌డ్రైవ్ లాగెయ్యి. సౌండు పెంచు."

పైడిరాజు లాగేశాడు, పెంచాడు. పాట పోయి, కారంతా ఈలే నిండిపోయింది. అతనికి చెవుల్లో పుల్ల పెట్టి తిప్పుతున్నట్టుంది. మాణిక్యాంబ గారు మాత్రం చేతిలో కాయలు ఒళ్లో పోసుకుని, కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచారు. తంబురా సరిచేసేటప్పుడు ఆవిడ వంచేది అచ్చం అలాగే.

"వేగం మార్చకు," అన్నారు.

రోడ్డు ఖాళీగా ఉంది. పైడిరాజు కాలు కదపకుండా పట్టాడు. ఈల ఒకే చోట నిలబడింది.

"సా..." అన్నారు మాణిక్యాంబ గారు.

ఆ సా వెళ్లి ఈల మీద కూర్చుంది. పొసగని వస్తువులు రెండు పక్కపక్కన పెట్టినట్టు లేదు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాడికి తలుపు తీసినట్టుంది. ఆవిడ మోహన రాగం అందుకున్నారు. మెల్లగా, ఆడుకుంటున్నట్టు, ఒక్కొక్క స్వరాన్నీ ముద్దుచేస్తూ. వెనక సీట్లో కునుకుతున్న అప్పన్న మాస్టారు లేచి కూర్చుని, గుడ్డసంచిలో ఉన్న మృదంగం తీసే ఓపిక లేక, టిఫిన్ క్యారేజీ మీద వాయించడం మొదలుపెట్టారు.

మలుపులో గేదెల మంద అడ్డం వచ్చింది. పైడిరాజు బ్రేకు తొక్కాడు. ఈల జర్రున కిందికి జారింది. అయిపోయింది, రాగం పాడైపోయిందనుకున్నాడు.

మాణిక్యాంబ గారు ఈలతో పాటే జారారు. జారి, కింద కుదురుకుని, అక్కడి నుంచే మళ్లీ మోహన మొదలుపెట్టారు. గేదెలు తీరిగ్గా దాటాయి. బండి కదిలింది. ఈల మెల్లగా పైకి పోతూంటే ఆవిడ దాని తోక పట్టుకుని పైకి వెళ్లారు. మధ్యలో నవ్వొచ్చేసింది. నవ్వుతూనే పాడారు.

"శ్రుతి నీ కాలికింద ఉందిరా పైడీ! మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తావో తీసుకెళ్లు!"

పైడిరాజు కావాలనే కొంచెం తొక్కాడు. ఆవిడ ఎక్కారు. వదిలాడు. ఆవిడ దిగారు. మళ్లీ తొక్కాడు. "ఒరే ఒరే!" అంటూ మాస్టారి టిఫిన్ క్యారేజీ వెంటపడింది. తను నవ్వుతున్నట్టు పైడిరాజుకి కాసేపటి దాకా తెలీనేలేదు.

ఘాట్ రోడ్డు మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, లోయనిండా ఎండ. అంబాసిడర్ రెండో గేరులో ఆయాసపడుతూ ఎక్కుతోంది. ఇంజను గింజుకుంటున్నకొద్దీ ఈల పైకి, ఇంకా పైకి పోతోంది. మాణిక్యాంబ గారు కొంతదూరం వెళ్లి ఆగి, గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"నా ఊపిరి ఇక్కడిదాకానే. నువ్వందుకో."

"అక్కడ నా గొంతు చీలుతుందండి."

"అందుకోరా, శ్రుతి వెళ్లిపోతోంది!"

ఆలోచించే వ్యవధి లేదు. ఎదురుగా మలుపు, కాలికింద బండి, చెవినిండా ఎక్కిపోతున్న ఈల. పైడిరాజు నోరు తెరిచాడు.

గొంతు బయటికొచ్చింది. మొదట బొంగురుగా, తరవాత ధారగా. పై షడ్జం దగ్గర అనుకున్నట్టే చీలింది. "భళా!" అన్నారు వెనక నుంచి అప్పన్న మాస్టారు. చీలింది కదా అని ఆగి వెనక్కి చూసుకుందామంటే హెయిర్‌పిన్ మలుపొచ్చింది, గేరు మార్చాలి. గేరు మార్చడానికి ఆక్సిలేటర్ వదలగానే ఈల దబ్బున పడింది. దాంతో పాటు తనూ పడ్డాడు. మళ్లీ లేచాడు. మళ్లీ చీలింది. ఈసారి ఆ చీలిక అంచు పట్టుకునే అవతలికి దూకాడు. అక్కడేదో చోటుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడుగుపెట్టని చోటు. అక్కడ కాసేపు తిరిగాడు. కాఫీతోటలు వచ్చాయి, పోయాయి. కొండగాలి కిటికీలోంచి చొరబడి మొహాన కొట్టింది. ఎదురొచ్చిన జీపువాడు హారన్ కొట్టి, తలకాయ బయటపెట్టి మరీ చూశాడు.

మాణిక్యాంబ గారు కింద స్థాయిలో అతనికి వంత పాడుతున్నారు.

పందిరి ముందు కారు ఆగేసరికి ఇంకా పొద్దుంది. పైడిరాజు తాళంచెవి తిప్పాడు. ఇంజను ఆగింది, దానితో ఈలా ఆగింది. అతను ఆగలేదు. ఎత్తుకున్న సంగతిని దాని దారిన పూర్తిగా పోనిచ్చి, చివరి స్వరం మీద నిలబెట్టి, అప్పుడు వదిలాడు.

చూస్తే కారు చుట్టూ ఊరివాళ్లు. పూలదండలు పట్టుకుని నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉన్నారు. కమిటీ పెద్ద గంగన్నదొర కిటికీలోకి వంగి చూశాడు.

"ఇదేటండి, కథ కార్లోనే మొదలెట్టేసినారా? మేం పందిరేసింది దేనికి?"

అందరూ గొల్లుమన్నారు. అప్పన్న మాస్టారు సొట్టలు పడ్డ టిఫిన్ క్యారేజీని చూపించి, ముందు దీనికి దండ వెయ్యమన్నారు.

"ఫోన్లో సెప్పినట్టు కథ ఈ బాబే సెప్తాడేటండి ఈవేళ?" అని అడిగాడు గంగన్నదొర.

మాణిక్యాంబ గారు చీర మీది వేరుశెనగ తొక్కలు దులుపుకుంటూ కారు దిగారు. "ముందు వేడివేడిగా కాఫీ ఇప్పించు బాబూ," అన్నారు.

పైడిరాజు డిక్కీ తెరిచాడు. గజ్జెల సంచీ తీసి కళ్లకద్దుకున్నాడు. బంపరు మీద కూర్చుని ఒక్కొక్క కాలికీ కట్టుకున్నాడు. కట్టుకోవడం అయ్యాక వచ్చి గురువుగారి పాదాలు తాకాడు. లేస్తూ, పాత అలవాటు ఊరుకోక, చిన్నగా అడిగాడు.

"అమ్మగారూ, పై షడ్జం దగ్గర చీలింది నాకు తెలుసండి. ఇంకా ఎక్కడెక్కడ తప్పాను?"

మాణిక్యాంబ గారు కాఫీగ్లాసు అందుకుని, పొగ ఊదుకున్నారు.

"నాకేం తెలుసురా? నేనూ పాడుతున్నాను కదా."

పైడిరాజు డిక్కీలోంచి హార్మోనియం పెట్టె తనే ఎత్తుకుని, గజ్జెలు ఘల్లుమంటుంటే, పందిట్లోకి నడిచాడు.